కినంతి నేల దిగిన బుధవారం

క్లాతెన్ పట్నానికి తూర్పున పది పన్నెండు పల్లెల్లో ఏ కోడి కూసినా చాలావరకు వగిమిన్ అల్లిన గంప కిందనుంచే కూస్తుంది. ఆ పల్లెల పిల్లలూ అతని గంపలో దూరి వచ్చినవాళ్ళే. జావాలో పిల్లను మొదటిసారి నేల మీదికి దింపడం ఒక పండగ. జిగురు బియ్యపు ముద్దలు తొక్కించి, చెరకుగడల నిచ్చెన ఎక్కించి, మట్టి మీద నిలబెట్టి, కొత్త కోళ్ళగంపలో కూచోబెడతారు. గంపలో అద్దం, కలం, దువ్వెన, పుస్తకం ఉంటాయి. పిల్ల చెయ్యి దేని మీద పడితే దాన్నిబట్టి ఊరంతా కలిసి ఆమె జీవితాన్ని ఊహించేస్తుంది. వగిమిన్ గంపలో కలం పట్టుకున్నవాడు ఇప్పుడు లారీ తోలుతున్నాడు, దువ్వెన పట్టుకున్నది బడిలో లెక్కలు చెబుతోంది. ఈ సంగతి అతనికి బాగా తెలుసు. అయినా గంప అడిగినవాళ్ళకి కాదనకుండా అల్లి ఇస్తాడు.

అతని పేరులోనే అతని పుట్టినరోజు ఉంది. అక్కడ ఏడు రోజుల వారంతోపాటు అయిదు రోజుల సంతవారం ఒకటి నడుస్తుంది: లెగి, పాహింగ్, పొన్, వగే, క్లివొన్. వగే నాడు పుట్టాడు గనక వగిమిన్. ఆ తరం వాళ్ళని వరసగా పేరుపెట్టి పిలిస్తే సంతల పట్టిక చదివినట్టే ఉంటుంది. రెండు వారాలూ కలిసి మళ్ళీ అదే జతకు రావడానికి ముప్ఫై అయిదు రోజులు పడుతుంది. పిల్లల వయసు లెక్కా, శుభకార్యాల లెక్కా అంతా ఆ జతతోనే. మనవాళ్ళు జన్మనక్షత్రాన్ని పట్టుకున్నట్టు వాళ్ళు ఈ జతను పట్టుకుంటారు. ఏడోసారి ఆ జత వచ్చిన రోజున పిల్లను నేల దింపుతారు. అంటే ఎనిమిది నెలలప్పుడన్నమాట.

వగిమిన్ కూతురు కినంతికి రెండేళ్ళ నాలుగు నెలలొచ్చినా పాదం నేలకు తగల్లేదు.

ఆ పిల్ల పుట్టుకే కష్టమైంది. చిన్న దవడ, మెత్తటి శ్వాసనాళం, గుండెలో కన్నం. గొంతు కింద కోసి ఒక గొట్టం పెడితేగాని ఊపిరి ఆడలేదు. కడుపుకు ఇంకో గొట్టం పెడితేగాని పాలు దిగలేదు. ఏడో జత వచ్చిననాడు ఆమె ఆపరేషన్ బల్ల మీద ఉంది. ఎనిమిదోదానికి జ్వరం. పదకొండోదానికి మళ్ళీ ఆసుపత్రి. పదిహేనోదానికి అంతా సిద్ధం చేసుకుంటే, ముందురోజు గొంతులోని గొట్టం ఊడి వచ్చింది. వగిమిన్ వెదురు చీలుస్తున్న చేతుల్తోనే లేచి, చేతులు కడుక్కుని, కొత్త గొట్టం దూర్చి, పిల్ల పెదాలకు రంగు వచ్చేదాకా చూసి, అప్పుడు వెళ్ళి పెరట్లో వాంతి చేసుకున్నాడు.

తల్లి తర్సి చేతి తొడుగులు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పొద్దున ఆరింటికి వెళ్తే సాయంత్రం అయిదింటికి వస్తుంది. వెదురుపని ఇంట్లోనే గనక పిల్ల తండ్రి వంతుకొచ్చింది. గొంతులో గొట్టం ఉన్న పిల్ల ఏడిస్తే చప్పుడు రాదు. మొహం ఎర్రబడుతుంది, నోరు తెరుచుకుంటుంది, అంతే. తల వంచుకుని బద్దలు గీసుకునేవాడికి అది కనపడదు. అందుకని వగిమిన్ ఆమె కాలికి మేకపిల్ల గంట కట్టాడు. పిల్ల కోపం వచ్చి కాళ్ళు తన్నితే గంట మోగేది. గొట్టంలో కఫం గరగరమంటే మాత్రం గంట అక్కర్లేదు. కత్తి కిందపడేసి కఫం లాగే మిషన్ దగ్గరికి పరుగెత్తేవాడు. సన్నటి ట్యూబు ఎంత లోపలికి పోవాలో, ఎన్ని క్షణాల్లో బయటికి రావాలో అతని వేళ్ళకి తెలుసు. ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సులకి పెద్ద నర్సు అతని చేతులు చూపించి, "ఇదిగో, ఇలా చెయ్యాలి" అనేది. అతనేమో ఆరో తరగతితో బడి మానేసిన మనిషి.

ఆ ఇల్లు అతని పెద్దమ్మ సమింతెన్‌ది. ఊరంతా ఆమెను 'బుదే' అంటుంది, అంటే పెద్దమ్మే. తల్లి పోయిన వగిమిన్‌ను పెంచింది ఆవిడే. ఆవిడ నోరు పెద్దది, వంట చెయ్యి ఇంకా పెద్దది. కినంతి ఏ చిన్న మెట్టెక్కినా ఎర్ర జావ, తెల్ల జావ వండి ఇంటింటికీ పంపేది. ఆక్సిజన్ సిలిండర్ వెనక్కి ఇచ్చేసిన రోజున జావ. మెడ నిలబెట్టినందుకు జావ. గొట్టానికి చిన్న మూత పెడితే తొలిసారి "ఆ" అని చప్పుడు వచ్చిన రోజున జావలో తాటిబెల్లం రెట్టింపు.

"ఈవేళ ఏం గెలుచుకొచ్చింది బుదే మీ మనవరాలు?" అనేది ఎదురింటి పార్తి గిన్నె అందుకుంటూ.

"దిండుకి ఆనుకోకుండా కూచుంది."

"మా వాడికి నలభయ్యేళ్ళు. ఇంకా దిండు వదల్లేదు. వాడికెవరూ జావ పొయ్యరు."

"నీ కొడుకుని లేచి కూచోమను, పోస్తాను."

కాని నేల విషయంలో మాత్రం బుదే మెత్తబడలేదు. పండగ జరక్కుండా పాదం మట్టికి తగలకూడదు, అదీ సరైన రోజునే జరగాలి. ఆసుపత్రి గచ్చు మట్టి కాదు గనక అక్కడ నిలబెట్టుకోవచ్చు. ఇంట్లో మట్టినేల, దాని మీద చాప వేసినా మట్టే. అలా పిల్ల చంకజోలెలో, మంచం మీద, తండ్రి ఒళ్ళో పెరిగింది. ఆ ఇంట్లో ఆవిడ మాటకి వగిమిన్ ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

పోయిన నెల ఆసుపత్రిలో కాళ్ళ కసరత్తు చేయించే అమ్మాయి అతన్ని 'పాక్' అంటూ, అంటే అయ్యా అంటూ, పక్కకి పిలిచింది. "పాక్, పదిహేను రోజులకోసారి నా దగ్గర నిలబడితే చాలదు. రోజూ నేల మీద వదిలెయ్యండి, పట్టుకుని లేవనీండి. ఇప్పుడు కాళ్ళు అడుగుతున్నాయి. ఇంకో ఆర్నెల్లు పోతే అడగడం మానేస్తాయి."

ఆ మాట అతన్ని పట్టుకుంది. ఇరవై నాలుగో జత మంగళవారం వస్తోంది. ఆ మర్నాడే పట్నంలో పిల్ల గొంతులోకి కెమెరా దింపి చూస్తారు. నాలుగు నెలలు కాచుకుంటే దొరికిన తేదీ అది. చూశాక మళ్ళీ కోయాల్సి వస్తే ఎన్ని వారాలు మంచాన ఉంటుందో ఎవరూ చెప్పలేదు. కాబట్టి నేల దింపితే ఈ మంగళవారమే. తర్సి ఫ్యాక్టరీలో ఒక రోజు సెలవు రాయించుకుంది. ఆ ఒక్క రోజే ఇచ్చారు.

గంపను వగిమిన్ తొమ్మిది రోజులు అల్లాడు. మామూలు గంపలో పిల్ల ఒక్కతే పడుతుంది. కినంతి వెంట మిషన్ ఉండాలి, మిషన్ నడిపే మనిషీ ఉండాలి. తను కూచుంటే తల తగలనంత ఎత్తున, పిల్ల అరచెయ్యి చుట్టూ పట్టేంత సన్నగా బద్దలు గీసి, ముల్లు లేకుండా నున్నగా తోమి, కరెంటు తీగ దూరడానికి అడుగున సందు వదిలాడు.

"దీనికింద ఎద్దుని మూస్తావా?" అంది పార్తి.

"నేనూ కూచోవద్దా?"

"సరేలే, అదే అన్నాను."

మంగళవారం పొద్దున్నే వాకిలంతా జనం. ఏడు రంగుల జిగురు ముద్దలు పళ్ళెంలో వరసగా ఉన్నాయి. చెరకు నిచ్చెన నిలబెట్టారు. ఊరి ప్రార్థనలు చదివే పెద్దమనిషి మోదిన్ చాప మీద కూచుని కళ్ళజోడు సర్దుకున్నాడు. పిల్ల పేరూ, పుట్టిన జతా చెప్పి దీవించాలి.

"మంగళవారం పొన్," అంది బుదే.

"ఎన్నింటికి పుట్టింది?"

ఈ ప్రశ్న ఇన్నాళ్ళూ ఎవరూ వెయ్యలేదు. ఆ పిల్ల బతుకుతుందా అన్నదే అప్పటి ప్రశ్న.

"ఆరున్నరకి, పాక్," అన్నాడు వగిమిన్. "కాగితంలో అలాగే ఉంది. సాయంత్రం."

మోదిన్ కళ్ళజోడు తీశాడు. "మగ్రిబ్ అయ్యాకా?"

వాకిట్లో అందరికీ ఒకేసారి అర్థమైంది. జావాలో రోజు మారేది అర్ధరాత్రి కాదు, పొద్దు గూకినప్పుడు. సాయంత్రపు నమాజు పిలుపు తర్వాత పుట్టిన పిల్ల మర్నాటి పిల్ల. ఇంట్లో పుట్టి ఉంటే ఏ ముసలమ్మో ఆ పిలుపు విని చెప్పేది. కినంతి పుట్టింది పట్నంలో, కిటికీలేని ఆపరేషన్ గదిలో. బయట వరండాలో పగలూ రాత్రీ ట్యూబులైట్లే. ఆసుపత్రివాళ్ళు కాగితం మీద మంగళవారం అని రాశారు. తండ్రి గోడ క్యాలెండరులో ఆ తేదీ కింద ఏ సంతరోజు ఉందో చూశాడు. పొన్ అని ఉంది. అంతే.

"అయితే ఈ పిల్ల బుధవారం వగే," అన్నాడు మోదిన్.

బుదే గుంజ పట్టుకుని కూలబడింది. "రెండేళ్ళ నాలుగు నెలలుగా పరాయి రోజున పిల్ల జాతకం లెక్కేస్తున్నానా నేను?"

"రోజు పరాయిదైనా జావ బాగానే ఉండేది బుదే," అంది పార్తి.

"నోర్ముయ్యవే." బుదే కళ్ళు తుడుచుకుని పళ్ళెం మీద గుడ్డ కప్పింది. "ఇవాళ కుదరదు. రేపు చేద్దాం."

"రేపు తెల్లవారుజామునే ఆసుపత్రికి వెళ్ళాలి," అంది తర్సి మెల్లగా.

"అయితే వచ్చే జతకి. ముప్ఫై అయిదు రోజులే కదా."

తర్సి మొగుడి వైపు చూసింది. వగిమిన్ చంకజోలెలో పిల్ల కాళ్ళు అతని తుంటిని తన్నుతున్నాయి, గంట గలగలమంటోంది. అతను పళ్ళెం మీది గుడ్డ చూసి పెద్దమ్మ వైపు తిరిగాడు.

"బుదే, బుధవారం ఎప్పుడొస్తుంది?"

"రేపొస్తుంది. అదేం ప్రశ్నరా?"

"రేపు ఎప్పుడు?"

మోదిన్ గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "ఈ సాయంత్రం వస్తుంది. పొద్దు గూకగానే."

"అసురసంధ్య వేళ పసిపిల్లని బయటికి తెస్తావా?" బుదే గొంతు లేచింది. "కాలుడు తిరిగే వేళ అది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్నే లోపలేసి తలుపు మూస్తాం."

"బయటికి తేను, బుదే. ఇంట్లోనే దింపుతాను. మన ఇంటి నేల మట్టేనని చెప్పింది నువ్వేగా. ఈ నేల మీదే నన్నూ దింపావు. ఇంకో ముప్ఫై అయిదు రోజులు నేను ఆగలేను. దాని కాళ్ళూ ఆగలేవు."

ఆ మనిషి అంత పొడుగు మాట మాట్లాడగా అక్కడెవరూ విని ఉండలేదు. బుదే అతన్ని ఎగాదిగా చూసి, పళ్ళెం ఎత్తుకుంది. "సాయంత్రానికి ఈ ముద్దలు రాళ్ళవుతాయి. మళ్ళీ ఆవిరికి పెట్టాలి. పార్తీ, ఊరికే నిలబడకపోతే పొయ్యి రాజెయ్యి."

మగ్రిబ్ నమాజు ముగించుకుని అందరూ మళ్ళీ వచ్చారు. తలుపులు వేశారు. నడింట్లో చాపలు తీసేసి నేల ఊడ్చి నీళ్ళు చల్లారు. మోదిన్ ఈసారి "బుధవారం వగే" అని నొక్కి చదివాడు.

తర్సి పిల్ల రెండు చేతులూ పట్టుకుని ఎర్ర ముద్ద మీదికి దించింది. కినంతి పాదాలు నత్తల్లా ముడుచుకుపోయాయి. జిగురంటే ఆ పిల్లకి పడదు. రెండో ముద్దకీ అంతే. మూడోదానికి గొట్టంలో గరగర మొదలైంది. "ఆగండి," అన్నాడు వగిమిన్. మిషన్ మోత ఇల్లంతా నిండింది. పది లెక్కపెట్టేలోపు ట్యూబు లోపలికి వెళ్ళి వచ్చింది, పిల్ల ఊపిరి శుభ్రంగా ఆడింది. "ఊఁ, కానివ్వండి." ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. మిగతా నాలుగు ముద్దలూ అయ్యాయి. నిచ్చెన అయిదు మెట్లూ తల్లి ఎత్తిపట్టి ఎక్కించింది. నిచ్చెనకి అవతల తడి మట్టి.

పాదం తగిలింది. కినంతి కిందికి చూసింది. ముడుచుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. పాదం ఎత్తి మళ్ళీ వేసింది, గట్టిగా, తడి నేల చప్పుడయ్యేలా. తర్వాత రెండో పాదం. బుదే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గంపలోకి ముందు వగిమిన్ పాకుతూ దూరాడు. మిషన్‌ను ఒడిలో పెట్టుకుని కూచున్నాక పిల్లను అందించారు. అద్దం ఉంది, కలం ఉంది, దువ్వెన ఉంది, తల్లి ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన చిన్న తోలు తొడుగు ఉంది. ఊరంతా బద్దల సందుల్లోంచి తొంగి చూస్తోంది.

"కలం కలం," అంది పార్తి.

"కలం పట్టినవాడు లారీ తోలుతున్నాడు, మర్చిపోయావా?" అన్నాడు మోదిన్.

కినంతి వాటిలో దేనినీ చూడలేదు. ఎదురుగా ఉన్న వెదురు బద్దను పట్టుకుంది. రెండో చేత్తో పక్క బద్ద. మోకాళ్ళు వణుకుతుండగా లేచి నిలబడింది. ఒక చెయ్యి వదిలి అవతలి బద్దకు సాచింది. చెయ్యి వెళ్ళిన చోటికి అడుగు వెళ్ళింది. వగిమిన్ రెండు చేతులూ గాలిలో పెట్టుకుని, పట్టుకోకుండా, ఊపిరి కూడా తీయకుండా కూచున్నాడు. గంప గుండ్రం. బద్దకి అంతు లేదు. ఆ పిల్ల అడ్డంగా అడుగులేస్తూ సగం చుట్టు తిరిగింది.

"ఏం పట్టుకుందిట?" అని వెనక నిలబడ్డవాళ్ళు అడిగారు.

"గంపనే పట్టుకుంది," అంది బుదే.

ముగిసిందని తర్సి వంగి పిల్లను ఎత్తుకోబోయింది. కినంతి విల్లులా వెనక్కి వంగి, మొహం ఎర్రగా చేసుకుని, చప్పుడు లేకుండా నోరంతా తెరిచి ఏడ్చింది. వదలగానే మళ్ళీ బద్ద పట్టుకుంది. తర్సి ఇంకోసారి ప్రయత్నించి, నవ్వుతూ కళ్ళు తుడుచుకుని వెనక్కి తగ్గింది.

వడ్డన మొదలైంది. పసుపన్నం, కోడికూర, వేయించిన సోయాగింజల టెంపే వాసన ఇల్లంతా కమ్ముకుంది. బుదే ఆకు మడిచిన అన్నం బద్దల సందులోంచి లోపలికి తోసింది.

"తిను. నీకోసం ఎవరూ కాచుకోరు. తెల్లవారుజామునే బయల్దేరాలి, జ్ఞాపకముందా?"

"ఉంది బుదే."

"మరి దాన్ని ఇప్పుడు ఎత్తుకుని రావచ్చుగా బయటికి?"

"ఇప్పుడే దిగింది," అన్నాడు వగిమిన్, నోట్లో ముద్దతో. "కాసేపు తిరగనీ."

మూడో చుట్టులో తండ్రి మోకాలు అడ్డం వచ్చింది. కినంతి ఒక క్షణం ఆగి, దాని మీద చెయ్యి ఆనించి, ఎక్కి, అవతల దిగి, తరువాతి బద్ద అందుకుంది.