ఒక చెంప చందా

"కదలకు తమ్ముడూ, కత్తి గొంతు మీదుంది. ఆ కుక్క గురించి ఒక మంచి మాట చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు. అది పుట్టిందే నన్ను కరవడానికి."

నా గడ్డం కింద గీస్తూ, అద్దంలో నా కళ్లలోకి చూస్తూ అన్నాడు సెలూన్ అన్న. ఒకే కుర్చీ ఉన్న కొట్టు అది. అందులో కూర్చుంటే అద్దంలో మన మొహంతో పాటు వీధి అవతలి టైలర్ కొట్టు కూడా కనిపిస్తుంది. వాళ్లిద్దరూ చిన్ననాటి స్నేహితులు. భార్య పోయాక టైలర్‌కి మిగిలింది ఒక గోధుమరంగు కుక్క. దానికి లోకంలో అందరూ మంచివాళ్లే, ఈ అన్న ఒక్కడు తప్ప.

"నా లోషన్ వాసన గిట్టదట దానికి. ఎన్ని ప్యాంట్లు చింపిందో! అది చింపడం, వాడు కుట్టడం. డబ్బులిస్తే తీసుకోడు. 'మా ఇంట్లోవాళ్లు చింపినదానికి కూలీ ఏంట్రా' అంటాడు."

మొన్న ఆ కుక్కని వ్యాను గుద్దింది. వెనక కాలు విరిగింది. లోపల కడ్డీ వేస్తే నడుస్తుంది, లేదంటే కాలు తీసెయ్యాలి అన్నాడు పశువుల డాక్టర్. కడ్డీ ఖర్చు విని టైలర్ మెడలోని టేపుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కాసేపు కూర్చున్నాడట. తర్వాత "తీసెయ్యండి సార్, మూడు కాళ్లతో బతకదా" అన్నాడట. ఆపరేషన్ రేపు పొద్దున్నే, అప్పటిదాకా కుక్క డాక్టర్ దగ్గరే.

"మనమే తలా కాస్త వేసి ఇస్తే?" అన్నాను.

"పుచ్చుకుంటాడా వాడు! జాకెట్టు కుట్టగా జానెడు పీలిక మిగిలితే అది కూడా తిరిగిచ్చేసే రకం. అందుకే వాడికి తెలీకుండా చందా మొదలెట్టా."

చందాకి ఆయన పద్ధతి ఆయనది. మేనమామ దగ్గర పని నేర్చుకునేటప్పుడు, అప్పు తీర్చని మొండి ఖాతాదార్లని లొంగదీయడానికి ఆ మామే నేర్పిన విద్య. మొదటి చెంప గీసేదాకా ఎండలూ వానలూ మాట్లాడతాడు. రెండో చెంపకి నురగ పట్టించి, కత్తి గాలిలో ఆపి, అప్పుడు అసలు సంగతి ఎత్తుతాడు. సగం గడ్డంతో వీధిలోకి వెళ్లగల మగాడు ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం.

టైలర్ సంగతి బయటపడకూడదు కాబట్టి కథ మార్చాడు. గోధుమరంగు కుక్క నల్లదయింది. వెనక కాలు ముందు కాలయింది. యజమాని పక్క పేటలో ఒంటరి ముసలావిడ అయింది. గడ్డం గడ్డానికీ కథ కూడా కాస్త పెరిగింది. మర్నాటికల్లా ముసలావిడకి చూపు పోయింది, కుక్క ఒక దొంగని పట్టుకుంది.

"ఇన్ని అబద్ధాలా అన్నా?"

"కాలు విరగడం నిజం కాదూ? మిగతాదంతా నురగ."

వదిన ఊరుకుంటుందా? "నాకు పన్ను నొప్పొస్తే ఉప్పునీళ్లు పుక్కిలించమన్నావు. నిన్ను కరిచేదానికి కడ్డీ వేయిస్తావా?" అని దులిపేసిందట. దులిపేసి, బీరువా తీసి ఒక నోటు ఆయన మొహాన కొట్టిందట.

నిన్న సాయంత్రం టైలరే గడ్డానికి వచ్చాడు. వెనక బల్ల మీద పోస్టాఫీసు గుమాస్తా ఉన్నాడు, అప్పటికే చందా ఇచ్చినవాడు. నోరు మూసుకుని పేపరు చదువుకోవచ్చు కదా! "ఆ నల్లకుక్క ఎలా ఉంది పాపం?" అన్నాడు. "ఏ నల్లకుక్క?" అన్నాడు టైలర్. ఇంక గుమాస్తా అందుకున్నాడు. ఆయన చెబుతుంటే దొంగ చేతిలోకి బాకు కూడా వచ్చింది.

"ఇంక అయిపోయింది తమ్ముడూ. వీడు పట్టేశాడనుకున్నా. అద్దంలోకి చూస్తే వీడి కళ్లనిండా నీళ్లు! 'మాదానికి నేనున్నానురా. చూపు లేని ముసలమ్మ, ఆవిడేం చేసుకుంటుంది?' అన్నాడు. జేబు తడుముకుని నోటు తీసి నా చేతిలో పెట్టాడు. ఇంకా మొదటి చెంప కూడా కాలేదు!"

"నువ్వు తీసుకున్నావా?"

"వద్దంటే 'ఎందుకు వద్దు?' అని అడుగుతాడు, అప్పుడేం చెప్పను? ఎప్పుడూ లేనిది కత్తి జారింది. గాటు పడింది వాడికి. 'మా కుక్క లేదని దాని పని నువ్వు అందుకున్నావేంట్రా' అని నవ్వాడు."

ఆయన కత్తిని తోలుపట్టీకి నూరాడు. అద్దంలో టైలర్ మిషన్ తొక్కుతున్నాడు, గడ్డం మీద చిన్న ప్లాస్టరుతో. అప్పుడు నా మొహం చూసుకున్నాను. కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప నిండా నురగ. కత్తి గాలిలో ఆగి ఉంది.

నేను జేబులో చెయ్యి పెట్టబోయాను.

"నీ డబ్బులెవడికి కావాలి? సరిపోయాయి. నీ కాళ్లు కావాలి." సొరుగులోంచి రుమాలు మూట తీసి నా ఒళ్లో పెట్టాడు. "డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడా. కాలు తీసే ఖర్చుకే కడ్డీ వేస్తానని ఆయనే వాడికి చెబుతాడు. చీకటి పడేలోగా ఇది ఆయన చేతికివ్వు. నేను కొట్టు మూస్తే వాడు ఎక్కడికని అడుగుతాడు. పైగా నన్ను చూసిందంటే అది విరిగిన కాలు మీదే లేచి మీద పడుతుంది."

"ఈ మొహంతోనా అన్నా?"

"ఆ మొహంతోనే. అయితేనే దారిలో ఎవరితోనూ కబుర్లు పెట్టుకోకుండా తిన్నగా వెళ్లొస్తావు. రెండో చెంప వచ్చాక చూద్దాం."

తువ్వాలుతో నురగ తుడిచేశాడు. మడత పెట్టిన నోటొకటి విడిగా నా చొక్కా జేబులో దోపాడు.

"ఇది వాడిది. మూటలో కలపకు. దీంతో దానికి బిస్కెట్లు కొనిపెట్టు. నేను పంపానని మాత్రం దాని ముందు అనకు, తినదు."