మూడో గరిటె పులిహోర

ఎనభైల మొదట్లో శాన్ రామన్‌లో మా పక్కింట్లో ఒక ముసలాయన ఉండేవారు. ఆయన ఒక ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌కి స్కౌట్. దేశమంతా తిరిగి కాలేజీ కుర్రాళ్ళ ఆట చూసి, టీమ్‌లు వంతులవారీగా కొత్తవాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరిని తీసుకోవాలో చెప్పడం ఆయన పని. భార్య పోయాక, ఊళ్ళో ఉంటే ఆదివారం భోజనం మా ఇంట్లోనే. ఆవకాయ కలుపుకుని చెమటలు కక్కుతూ తినేవారు గానీ మంచినీళ్ళు మాత్రం అడిగేవారు కాదు.

ఓ ఏడాది టీమ్‌కి సేఫ్టీ కావలసివచ్చాడు. సేఫ్టీ అంటే అందరికన్నా వెనక కాపలా ఉండేవాడు. ఎదుటివాళ్ళు బంతి ఒకడికి ఇస్తున్నట్టు నటించి, ఇంకొకడికి విసురుతారు. ఆ నటనకి ముందున్నవాళ్ళు మోసపోయినా సర్దుకోవచ్చు, సేఫ్టీ మోసపోతే కొంప కొల్లేరే. వడపోయగా ఇద్దరు మిగిలారట. "హోటల్ తిండితో విసిగిపోయారు పాపం, నీ దగ్గరికి తీసుకొస్తా" అన్నారు. నమ్మాను.

మొదటివాడు పెద్ద కాలేజీవాడు. పులిహోర రెండోసారి వడ్డించబోతే కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టి "నో థాంక్యూ మ్యామ్" అన్నాడు. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అదే చెయ్యి. మన ఇళ్ళల్లో మొదటి 'వద్దు' లెక్కలోకి రాదని వాడికేం తెలుసు? అయినా ఎంత పొగరు అనుకున్నాను.

రెండోవాడిది పేరు వినని చిన్న కాలేజీ. వాడి గురించి ఆరా తీసిన టీమ్ ఇదొక్కటే. ఇక్కడ కాదంటే ఇక ఆట లేదు, నాన్నతో కలిసి ఇళ్ళకి పైకప్పులు వేసుకోవడమేనని తనే నవ్వుతూ చెప్పాడు. వాడూ వద్దన్నాడు. వేశాను, తిన్నాడు. మూడోసారి పప్పు గిన్నె ఎత్తి చూపిస్తూ, కుడిచేత్తో గరిటెడు పులిహోర పడేశాను. అదీ తిన్నాడు, బంగారు కొండ!

ఇద్దరూ చేతులు కడుక్కోవడానికి లేవగానే ముసలాయన నావైపు వంగారు.

"పెద్ద కాలేజీవాడు ఖాయం. రెండోవాణ్ణి నువ్వే బోల్తా కొట్టించావు. బంతి విసిరేవాళ్ళకి ఎంతసేపు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమండీ, విన్నారా ఈయన మాటలు?" అని మా ఆయనతో తెలుగులో మొదలుపెట్టి, ముసలాయన మీద ఇంగ్లీషులో విరుచుకుపడ్డాను. "నా ఇల్లేమన్నా పరీక్ష హాలా? నా మాట తీసెయ్యలేక తిన్నాడు. మొహమాటపడ్డందుకు నోటిదగ్గర కూడు తీసేస్తారా?"

"మంచి పిల్లాడే," అన్నారాయన నెమ్మదిగా. "సేఫ్టీ కాదు."

ఆ మాట గుమ్మంలోకి వచ్చిన ఆ పిల్లాడి చెవిన పడనే పడింది. మొహం పాలిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. "పొట్ట నిండాక ఎందుకు తిన్నావయ్యా?" అని వాడి మీదే అరిచాను.

"పులిహోర పడుతుందని ముందే తెలుసు మ్యామ్," అన్నాడు వాడు. "పప్పు గిన్నె ఎత్తారు గానీ మీ కళ్ళు నా కంచం మీదే ఉన్నాయి. పైగా వడ్డించే ముందు ప్రతిసారీ మీ ఎడమ భుజం కాస్త దిగుతుంది. చెయ్యి అడ్డం పెట్టడానికి బోలెడు టైమ్ ఉంది."

"మరి పెట్టలేదేం?"

"వేసినప్పుడల్లా మీ మొహం వెలిగిపోతోంది. ఎలా పెట్టను?"

ముసలాయన గరిటె తీసి నా చేతికిచ్చి, తన కంచంలో వడ్డించమన్నారు. వడ్డించాను. నా భుజం చూసి పగలబడి నవ్వారు. "ఇన్నేళ్ళుగా తింటున్నాను, నేను కనిపెట్టలేకపోయాను" అన్నారు.

డ్రాఫ్ట్‌లో టీమ్ ఈ పిల్లాణ్ణే తీసుకుంది. పెద్ద కాలేజీవాణ్ణి ఇంకో టీమ్ ఎగరేసుకుపోయింది, వాడికేం లోటు లేదు. టీవీలో చూస్తే, ఎదుటివాళ్ళు ఎన్ని వేషాలు వేసినా మావాడు ఒక్క అడుగు తప్పు వేసేవాడు కాదు.

ఆటల్లేని నెలల్లో ముసలాయనతో కలిసి భోజనానికి వచ్చేవాడు. "చాలు మ్యామ్" అనేవాడు. నా ఎడమ భుజం దిగడం చూసి, కంచం కాస్త ముందుకి జరిపేవాడు.