సత్రపట్టి వస్తే చెప్పొద్దు

పోయిన ఏడాది తమిళనాడులోని రాజపాళయంలో బస్సెక్కాను. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడడం విని పక్క సీటు పెద్దాయన పలకరించారు. ఆయనది దారిలో వచ్చే సత్రపట్టి; అక్కడ బ్యాండేజి గుడ్డ నేసేవారట. డాక్టరు తనకు డిమెన్షియా అన్నాడని ఆయనే చెప్పారు.

"అంటే మరుపు కదా, తాతా?"

"మరుపు కాదు తంబీ. బ్యాండేజి గుడ్డ చూసినావు కదా? ఎక్కడా చినగలేదు. పోగుకీ పోగుకీ సందు జాస్తి, అంతే. పెద్దవి నిలుస్తాయి, చిన్నవి జారిపోతాయి."

నవ్వి, గొంతు తగ్గించారు. "సత్రపట్టి వస్తే చెప్పొద్దు. నేనే లేవాల. ఈరోజు దిగడం తప్పితే నా కొడుకు ఇంక ఒంటిగా పంపడు."

సరేనని మాటిచ్చి ఫోన్‌లో మ్యాప్ తెరిచాను. రెండు కిలోమీటర్లు. ఒకటి. నాలుగు వందల మీటర్లు. ఆయన కిటికీలోంచి చేలు చూస్తున్నారు. నోటితో చెప్పడం, మోకాలితో తట్టడం, ఊరుకోవడం: మూడు దారులూ తప్పుగానే తోచాయి.

బస్సు ఆగింది. దిగేవాళ్లు దిగారు. ఆయన కదల్లేదు. కండక్టర్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడాయన నా వైపు తిరిగి, ఒక్క క్షణం చూసి, గబుక్కున లేచారు.

"ఇరుప్పా, ఆగు, దిగాల!" అని కండక్టర్ మీద కేకేశారు.

నా మోకాళ్లు దాటుతూ, "నేనే దిగినానని కొడుక్కి చెప్తాను," అన్నారు. "నీకు మాత్రం నిజం చెప్తా తంబీ. ఊరు చూసి లేవలేదు. నీ మొహం చూసి లేచినాను."