వద్దన్న జీతం

సామర్లకోట దగ్గర బిస్కెట్ల ఫ్యాక్టరీలో పన్నెండేళ్లుగా ప్యాకింగ్ చేస్తున్న లక్ష్మీదుర్గను సూపర్‌వైజరును చేశారు. జీతం ఇరవై రెండు వేలన్నారు. ఇరవై ఒక్క వేలు దాటితే కొన్నాళ్లకు ఈఎస్ఐ కార్డు మీద వచ్చే ఉచిత వైద్యం ఆగిపోతుంది. ఆమె భర్త హరిబాబుకు వారానికి రెండుసార్లు డయాలసిస్ జరిగేది ఆ కార్డు మీదే.

ఆమె విసురుగా మేనేజరు గదిలోకి వెళ్లింది. "ఈ పెంపు నాకొద్దండి."

"పదిహేను వందలు ఎక్కువొస్తుంటే వద్దంటావేంటమ్మా?"

"దాంతో ఒక్క డయాలసిస్ అవుద్దండి. నెలలో మిగతా ఏడూ ఎవరు చేయిస్తారు? నాలుగు రూపాయలు పెరిగితే మొగుడి ప్రాణం తియ్యమని ఏ మహానుభావుడు రాశాడండీ ఈ రూలు?"

"రూలు మాది కాదమ్మా."

"ఎవరిదీ కాదు. చచ్చేది మాత్రం మేమే!"

జీతం పెంచవద్దని, సూపర్‌వైజరు పని కూడా వద్దని రాసి, కాగితం చిరిగేలా సంతకం పెట్టింది. ఆమె దగ్గర పని నేర్చుకున్న రమ్యశ్రీ సూపర్‌వైజరయింది. హరిబాబు డయాలసిస్ ఆగలేదు.