ధనుంజయ్ తర్కం

డిచ్‌పల్లి క్యాంపస్ క్యాంటీన్‌లో జపాన్ మిస్టరీ యానిమే కార్టూన్ సీరియళ్ల మీద రోజూ వాదనలు జరుగుతాయి. తీర్పు మాత్రం ధనుంజయ్‌దే. సన్నటి మనిషి. ఎదుటివాళ్లు తమ ఊహ చెబుతున్నంతసేపూ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తాడు. వాళ్లు ఆగగానే పెట్టుకుని, "గట్ల కుదరదు," అంటాడు. ఎందుకు కుదరదో ఒక్కో సీనూ గుర్తుచేసి చెబుతుంటే ముందున్న చాయ్ చల్లారిపోతుంది.

మొన్నటి ఎపిసోడ్‌లో ఒకడు, చనిపోయిన అన్నలా గొంతు మార్చి తల్లితో ఏడాదిపాటు ఫోన్‌లో మాట్లాడాడు.

"కన్నతల్లి కొడుకు గొంతు గుర్తువట్టదా? గింత అబద్ధమా!" అని ఎదురుగా కూర్చున్న రోజా నవ్వింది. అందరూ ధనుంజయ్ వైపు చూశారు. అతను కళ్లజోడు తుడుస్తూనే ఉన్నాడు.

"కుదురుతది," అన్నాడు చివరికి. "మా కాక, నాయిన తమ్ముడు, దుబాయిల సచ్చిపోయిండు. శవం గూడ రాలె. నాయినమ్మకు గుండెజబ్బని ఎవ్వలం చెప్పలె. కాక లెక్క గొంతు మార్చి నేనే ఫోన్ చేస్తున్న."

రోజా గొంతు తగ్గింది. "మరి గుర్తువట్టలేదా?"

"ఏమో. పైలం బిడ్డా, జాగ్రత్త అంటది. తిన్నవా అంటది. కాక బతికున్నప్పుడు ఇంటికెప్పుడొస్తవని రోజూ అడుగుతుండె. నేను ఫోన్ చేయవట్టినంక ఒక్కసారి గూడ అడగలె."