ముగ్గురు ధీరసేనులూ ఒక రాణీ

చిత్తూరు పట్నంలో, పట్టపగలు, రెండు వందల మంది చూస్తుండగా, ఒకే రాణి ముందు ముగ్గురు మొగుళ్లను నిలబెట్టిన ఘనుడెవరని ఎవరైనా అడిగితే, మొహమాటపడకుండా నా పేరు చెప్పండి. ఆ ఘోరం జరిగి పద్నాలుగేళ్లయింది. ఇప్పటికీ టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు, ఎవడో ఒకడు "ఏం సెక్రెటరీ, ఈసారి రాజులెందరప్పా?" అంటాడు. నాకు ఒళ్లు మండిపోతుంది. టీ సగంలో వదిలేసి వచ్చేస్తాను. తప్పు నాదే, కాదనను. కానీ తప్పంతా నాదే అంటే మాత్రం చచ్చినా ఒప్పుకోను. మొత్తం విని మీరే చెప్పండి.

మాదొక నాటక సమాజం. ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకుంటూ ఏడాదికొక సంగీత నాటకం ఆడేవాళ్లం. పద్యాలు, పాటలు, హార్మోనియం, రంగు తెరలు, అన్నీ పాత పద్ధతే. నాకప్పుడు ముప్పై రెండేళ్లు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుమాస్తాని. నేను నోరు తెరిచి రాగం తీస్తే ఫ్యాక్టరీ సైరన్ మోగి షిఫ్టు మారిందనుకుని జనం లేచి వెళ్లిపోయేవాళ్లు. అందుకే నన్ను సెక్రెటరీని చేశారు. పాడలేనివాడు ఎవరి వేషానికీ పోటీ రాడు కదా!

పాడగలవాళ్లు ముగ్గురున్నారు. అదే మా ఖర్మ. లాయరు జయచంద్ర రాగం ఎత్తుకుంటే ఎప్పటికి ముగిస్తాడో ఆయనకే తెలియదు, కోర్టులో ఆయన కేసుల్లాగే. మామిడి మండీ మునిరత్నం వేలం పాడితే పక్క మండీలో సరుకు కూడా అమ్ముడైపోయేది, అంత గొంతు. బస్సు కండక్టరు గోపాలుది తీయని గొంతు. పలమనేరు బస్సులో టికెట్లు కొడుతూ పద్యాలు పాడేవాడు. ఆ పద్యాల కోసం ముందు బస్సు వదిలేసి ఆయన బస్సు కోసం కాచుకునే మనుషులుండేవాళ్లు. గాయకులు ముగ్గురు, నాటకంలో రాజు మాత్రం ఒక్కడు. ఏటా ఇదే గొడవ.

ఆ ఏడాది ఏ నాటకం ఆడాలో తేల్చడానికి ఒక ఆదివారం పొద్దున మునిరత్నం మండీలో మామిడికాయ గంపల మధ్య కూర్చున్నాం. నేను నోరు తెరవకముందే లాయరు లేచి నిలబడ్డాడు.

"ఈ తూరి రాజు వేషం నాది. పోయినేడు మంత్రి వేసినాను, నోరు మూసుకోనుండాను. ఇంగ ఊరుకునేది లేదు."

"నీకు మంత్రి అన్నా ఇచ్చినారు సామీ, నాకు బంట్రోతు ఇచ్చిరి గదా!" అన్నాడు మునిరత్నం.

"బంట్రోతుకి ఏడు పద్యాలు యాడన్నా ఉంటాయా అన్నా? నీ అంతట నువ్వు తగిలించుకుంటివి," అన్నాడు గోపాలు.

"నువ్వు మాట్లాడబాక. పోయినేడు రాజువి నువ్వే గదా! అంతకు ముందేడు కాపలావాడివై ఉండి రాజుకంటే ముందు సభలో పాడితివే, అదేం మర్యాద?" అన్నాడు మునిరత్నం.

"అప్పటి రాజు ఈ లాయరు సారే, ఆయన నిద్దరపోతా ఉంటే నేనేం చేసేది?"

"నేను నిద్దరపోలేదు, కండ్లు మూసుకోని శ్రుతి ఇంటా ఉండాను!" అని లాయరు అరిచాడు. అని ఊరుకుంటే బాగుండేది. రాజు వేషం తనకు రాకపోతే సమాజంలో తన పేరు కొట్టేయమన్నాడు. వెంటనే మిగతా ఇద్దరూ తమ పేర్లు కూడా కొట్టేయమన్నారు. ముగ్గురి పేర్లూ కొట్టేస్తే సమాజంలో మిగిలేది నేను, హార్మోనియం గోవిందస్వామి, రాణి వేషాలు వేసే పోస్టాఫీసు హైమావతి. మేం ముగ్గురం ఏం నాటకం ఆడాలి, నా తలకాయా?

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. నా జీవితంలో వచ్చిన అతి గొప్ప ఆలోచన అదేనని మురిసిపోయాను కూడా. మన పద్య నాటకాల్లో ఒక పద్ధతుందని మీకు తెలుసు కదా, పెద్ద వేషాన్ని రంగాలవారీగా పంచుతారు. మొదటి రంగంలో ఒకరు, రెండో రంగంలో ఇంకొకరు అదే రాజు. జనం కూడా ఏమీ అనుకోరు. "ముగ్గురూ రాజులే! తలా ఒక రంగం!" అన్నాను.

లాయరు జేబులోంచి పెన్ను తీశాడు. "సరే. పద్యాలు మాత్రం సమానంగా ఉండాల. ఒకటి ఎక్కువ గాని తక్కువ గాని అయితే నేను ఒప్పుకోను," అన్నాడు. "అర పద్యం కూడా," అని మునిరత్నం అందుకున్నాడు.

మా దగ్గరున్న నాటకాలన్నీ తిరగేశాను. ఒకదాంట్లో మొదటి రాజుకు ఇరవై, మూడో రాజుకు నాలుగు. ఇంకొకదాంట్లో రాజు మొదటి రంగంలోనే చచ్చిపోయాడు. రాసినవాళ్లకు కథ మీదున్న శ్రద్ధ పంపకాల మీద లేదని విసుక్కున్నాను. చూశారా నా తెలివి?

చివరికి గోపాలే దారి చూపించాడు. "పలమనేరులో శేషాచార్యులని రిటైరైన తెలుగయ్యవారు ఉండాడు. నాటకం రాసి పెట్టుకోనుండాడు, ఇంతవరకు ఎవురూ ఆడలేదంట. నా బస్సులోనే పోదాం రా," అని తీసుకుపోయాడు.

శేషాచార్యులు గారికి ఎనభై దాటాయి. సన్నటి మనిషి, నుదుటిన నామం. నేను వచ్చిన పని చెప్పగానే ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టేశారు. లోపలికి వెళ్లి, పట్టుగుడ్డలో చుట్టిన నోటు పుస్తకం తెచ్చారు. గుండ్రటి చేతిరాత. పేరు 'ధీరసేన విరాగం'. నలభై ఏళ్ల కిందట రాశారట.

"నిమ్మళంగా చదువు నాయనా, నేను సంధ్య వార్చుకొని వస్తాను," అని లోపలికి వెళ్లారు.

నేను చదివానా? చదవలేదు. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పుతూ రాజు పద్యాలు లెక్కపెట్టాను. మొదటి రంగంలో తొమ్మిది. రెండో రంగంలో తొమ్మిది. మూడో రంగం రెండుసార్లు లెక్కపెట్టాను. తొమ్మిదే! లేచి గంతులెయ్యబోయి, ఎదురుగా దేవుడి పటం ఉందని ఆగాను.

ఆయన తిరిగి వచ్చి, "అప్పుడే అయిపోయిందా?" అని ఆశ్చర్యపోయారు.

"చదివానండీ. మనసు నిండిపోయింది."

"ఏ ఘట్టం నచ్చింది నాయనా?"

నాకు తెలిసిన ఒక్క నిజం చెప్పేశాను. "మూడు రంగాలూ సమానంగా తూగాయండీ! ఎక్కడా ఒక్క పద్యం ఎక్కువా లేదు, తక్కువా లేదు!"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ తూకం కోసం నేను రెండేండ్లు కష్టపడినాను. ఇంతమంది చదివినారు, ఒకరూ కనిపెట్టలేదు," అని నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆ క్షణంలో భూమి చీలి నన్ను మింగాల్సింది. భూమికి కూడా నా మీద అంత కోపం రాలేదు కాబోలు.

"నాకు శాలువాలొద్దు, సన్మానమొద్దు," అన్నారాయన. "ముందు వరసలో ఒక కుర్చీ వెయ్యి. నా నాటకం మొదటి పద్యం నుంచి కడాకు ఒక్కసారి ఇంటే చాలు. ఇంగ నాకు ఎక్కువ దినాలు లేవు."

తప్పకుండా అన్నాను. మాటిచ్చేటప్పుడు మనకు ఎంత ధైర్యమో!

నోటు పుస్తకం జిరాక్సు తీయించి, మూడు ముక్కలు చేసి, ఎవరి రంగం వాళ్లకిచ్చాను. ఆ అసలు పుస్తకం మళ్లీ ఆయనకు చేర్చాను. పక్కవాడి రంగంలో ఏముందో ఏ రాజుకూ అక్కర్లేకపోయింది. కలిసి రిహార్సలు వేద్దామంటే ఒకడికి కోర్టు, ఒకడికి మామిడి సీజను, ఒకడికి డ్యూటీ. పాపం గోవిందస్వామి హార్మోనియం మోసుకుని ముగ్గురి ఇళ్లకూ తిరిగి విడివిడిగా పాడించాడు. మూడు రంగాల్లోనూ రాణి ఉంది కాబట్టి నాటకం మొత్తం చదివిన మనిషి ఒక్క హైమావతే. నాటకానికి రెండు రోజుల ముందు నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఈ నాటకం మన సమాజానికి ఎట్లా ఏరినావు? రాజు తనకు తానే కిరీటం తీసి పక్కన పెట్టి, ఇంగొకరికి దోవ ఇడిచి తప్పుకునే కథ ఇది. మనోళ్లల్లో తప్పుకునే మడిసి ఎవురు?"

"కథదేముందమ్మా, పద్యాలు సమానంగా ఉన్నాయి," అన్నాను.

ఆమె నా వైపు ఒక చూపు చూసింది. మనియార్డరు ఫారం తప్పుగా నింపినవాణ్ని చూసే చూపు అది.

నాటకం రోజు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి మొదలు. మేం అద్దెకు తీసుకున్న కల్యాణ మండపం హాలు ఏడింటికల్లా పెళ్లివాళ్లకు అప్పగించాలి. ఆచార్యులు గారు కొత్త పంచె కట్టుకుని, నోటు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ముందు వరసలో కూర్చున్నారు. ఆయన వెనక ఎడమ వైపు లాయరు గారి జూనియర్లు, కుడి వైపు మండీ వాళ్లు, గుమ్మం దగ్గర పలమనేరు బస్సు ప్రయాణికులు. ఎవరి రాజు కోసం వాళ్లు ఈలలు సిద్ధం చేసుకుని వచ్చారని నాకు అప్పుడైనా తట్టలేదు.

తెర లేచింది. లాయరు రాజసంగా వచ్చి మొదటి పద్యం అందుకున్నాడు. అయిపోగానే జూనియర్లు "వన్స్ మోర్!" అన్నారు. పాడాడు. మళ్లీ "వన్స్ మోర్!" అన్నారు. మళ్లీ పాడాడు. మూడు పద్యాలకే గంట దాటింది. పక్క తెర వెనక మునిరత్నం తాటిచెట్టంత కిరీటం పెట్టుకుని ఉడికిపోతున్నాడు.

"దిగప్పా! టైము యాడుండాది, నువ్వు యాడుండావు?"

"ఇంగా ఆరు పద్యాలు ఉండాయి! సమానమని రాసుకున్నాం గదా!" అని వేదిక మీంచే లాయరు జవాబిచ్చాడు. రాగంలో!

తెర లాగే మనిషి మునిరత్నం మండీలో పనిచేసేవాడు. యజమాని సైగ చేశాడు, వాడు తెర దించేశాడు. లాయరు ఊరుకుంటాడా? తెర ముందుకొచ్చి నాలుగో పద్యం ఎత్తుకున్నాడు. మునిరత్నం కూడా తెర ముందుకొచ్చేశాడు. "మహాజనులారా, రెండో రంగం!" అని ప్రకటించి తన మొదటి పద్యం మొదలుపెట్టాడు. మండీ వాళ్ల ఈలలకు పైకప్పు అదిరింది. ఇద్దరు రాజులూ ఒకరి మొహంలోకి ఒకరు చూస్తూ, రెండు పద్యాలు ఒకేసారి పాడారు. గోవిందస్వామి కాసేపు ఇద్దరి శ్రుతీ అందుకోబోయాడు. తర్వాత హార్మోనియం మూసేసి తాంబూలం వేసుకున్నాడు. ఆయన్ని నేనేమీ అనను.

ఇంతలో పెళ్లివాళ్ల వంట గిన్నెలు దిగాయి, సాంబారు వాసన వచ్చింది. ఇక తన వంతు రాదని గోపాలుకు అర్థమైంది. జనం మధ్యలోంచి, బస్సులో నడిచినట్టు కుర్చీలు పట్టుకుంటూ, మూడో రంగం పద్యం పాడుతూ వేదిక ఎక్కేశాడు. ముగ్గురు రాజులు, మూడు పద్యాలు, మూడు కిరీటాలు. సరిగ్గా అప్పుడే తెర లేచింది. బంగారు చెంబుతో, పళ్లెంతో హైమావతి నిలబడి ఉంది. రెండో రంగంలో ఆమె భర్త కాళ్లు కడగాల్సిన ఘట్టం అది.

ఆమె మొదటి రాజును చూసింది. రెండో రాజును చూసింది. మూడో రాజును చూసింది. నేను పక్క తెర వెనకనుంచి, మైకు పక్కనే ఉందని మరిచిపోయి, "ఎవరివో ఒకరివి కడిగెయ్యమ్మా!" అన్నాను.

హాలు పగిలిపోయింది. ఆ నవ్వు కొంచెం సద్దుమణిగాక హైమావతి చెంబు కింద పెట్టింది. "మీలో రాజెవురో మీరు తేల్సుకోండప్పా. తేలినాక పిలవండి, నేను ఈడే ఉంటా," అని చక్కా వెళ్లి, అందాకా ఎవరూ పట్టించుకోని సింహాసనంలో కూర్చుంది. జనం కుర్చీలెక్కి చప్పట్లు కొట్టారు. ముగ్గురు రాజులూ ఆ చప్పట్లు తమవేననుకుని ముగ్గురూ దండాలు పెట్టారు. నన్ను తిడుతున్నారు కదా, వీళ్లనేమనాలి? పెళ్లివాళ్లు వచ్చి దీపాలు ఆర్పేదాకా కదల్లేదు మహానుభావులు!

జనం కళ్లు తుడుచుకుంటూ వెళ్తున్నారు. "ఇంత నవ్వు నాటకం యాడా సూడలేదప్పా," అని ఒకాయన నా భుజం తట్టాడు. పోనీలే, గట్టెక్కామనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో కొంచెం గర్వం కూడా వేసింది.

ముందు వరస దగ్గరికి వెళ్లాను. కుర్చీలన్నీ ఖాళీ. ఆచార్యులు గారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. నోటు పుస్తకం ఒళ్లో మొదటి పేజీల దగ్గరే తెరిచి ఉంది. వేలు మొదటి రంగం నాలుగో పద్యం మీద ఉంది. నన్ను చూసి కళ్లజోడు సర్దుకున్నారు. ఎగతాళి లేదు, కోపం లేదు. పెద్దమనిషి మర్యాదగా, ఆశగా అడిగారు.

"పిల్లకాయలు బాగా నవ్వించినారు నాయనా. ఇంగ మన నాటకం ఎప్పుడు మొదలు పెడతారు?"

ఆ ముగ్గురి మీద వచ్చిన కోపమంతా ఒక్కసారిగా నా మీదికే తిరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అందువల్ల, పాఠక మహాశయులందరి ఎదుటా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జన్మలో ఏ నాటకంలోనూ పద్యాలు లెక్కపెట్టను. చదవని పుస్తకాన్ని మెచ్చుకోను. వేదిక మీద ఒక్క రాజుకు మించి నిలబెట్టను. ఆ ఒక్కడు కూడా, దిగమన్నప్పుడు దిగుతానని ముందే స్టాంపు పేపరు మీద రాసిస్తేనే కిరీటం పెడతాను.