నల్ల టేపు చుట్టిన వైరు

గట్టిగా ఊపిరి పీల్చాను, తుమ్ము రాలేదు. అప్పుడే నాకు భయం వేసింది.

ఒంటిపూట బడులు మొదలైన రోజులు. మధ్యాహ్నం హాల్లో నేనూ అత్తయ్యా ఏడాది కారానికి కొన్న మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాం. ఆ కాలంలో గుంటూరులో ఏ ఇంట్లో గాలైనా ముక్కును మండిస్తుంది, కళ్ళ వెంట నీళ్ళు తెప్పిస్తుంది. అందుకని ఇక్కడ ఘాటైన వాసనను ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో ఏదో తేడా వాసన వస్తోందని నేను మూడు రోజులుగా అంటూనే ఉన్నాను.

"ఒళ్ళో మిరపకాయలు పెట్టుకుని ఘాటంటావేంటమ్మాయ్? మల్లెపూల వాసనొస్తుందా?" అని అత్తయ్య నవ్వేశారు.

మిరప ఘాటుకు తుమ్ములు రావాలి. ఇది తుమ్ము తెప్పించడం లేదు. నాలుక వెనక తియ్యగా, జిడ్డుగా పట్టుకుంటోంది. చేట పక్కకు తోసేసి పిల్లల గదిలోకి పరిగెత్తాను.

పదకొండేళ్ళ మావాడు కంప్యూటర్లో కార్ల ఆట ఆడుతున్నాడు. వాడి ఏడేళ్ళ చెల్లెలు పక్క కుర్చీలో మోకాళ్ళ మీద నిలబడి "పోనీ, పోనీ" అని అరుస్తోంది. నేను గడప దాటుతుండగానే తెర నల్లబడింది. "మళ్ళీ పోయింది!" అన్నాడు వాడు. బల్ల కింది సీపీయూ పెట్టె వెనక నుంచి సన్నటి పొగ లేస్తోంది. గోడకున్న ప్లగ్గు లాగేశాను. ఇద్దర్నీ దగ్గరకు లాక్కుని ముఖాలు తడిమాను. నా చేతుల నిండా మిరపకాయల కారం ఉందన్న ధ్యాసే లేదు. ఇద్దరూ లబోదిబోమన్నారు. "అయ్యో, ఎక్కడ కాలింది?" అంటూ అత్తయ్య చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చారు. వాళ్ళ ముఖాలు మండుతున్నది నా చేతి కారం వల్లేనని అర్థం కావడానికి కాసేపు పట్టింది.

అంతకు నెల ముందు మా ఆయన స్నేహితుడి దగ్గర నుంచి పాత గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించారు. ఆటలో బొమ్మలు తడబడకుండా కదలడానికి అది ఉండాలట. దానికి కరెంటు విడిగా ఇవ్వాలి. కార్డుకు రెండు సాకెట్లున్నాయి. మా పెట్టెలో దానికి సరిపడే వైరు ఒక్కటే ఉంది. రెండో సాకెట్టుకు, హార్డ్‌డిస్క్‌కు వెళ్ళే సన్న వైరు నుంచి ఒక జాయింటు తగిలించారు. ఆయన పుట్టి పెరిగింది పర్చూరు వైపు పత్తి రైతుల ఇంట్లో. "బోరు మోటారుకే జాయింట్లు కొట్టి పదేళ్ళు నీళ్ళు పెట్టాం, దీనిదేముంది!" అన్నారు. ఆ రోజు నుంచీ ఆట జోరందుకోగానే కంప్యూటరు ఆగిపోయేది. ఎండకేమో అనుకున్నాం. ఓల్టేజీ అనుకున్నాం. పెట్టె పక్కన టేబుల్ ఫ్యాను కూడా పెట్టాం.

ఆయన మిల్లులో షిఫ్టులో ఉన్నారు. నేనే పెట్టెను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, మావాణ్ణి వెంటబెట్టుకుని బ్రాడీపేటలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణానికి వెళ్ళాను. తెల్లగడ్డం పెద్దాయన మూత తీసి, టార్చి వేసి చూశాడు.

"కార్డు బతికే ఉందమ్మా. ఆట జోరెక్కితే ఇది కరెంటు బాగా లాగుతుంది. అంత కరెంటు ఈ సన్న వైరేం మోస్తుంది? ఈ పవర్ సప్లయ్ కూడా దీనికి చాలదు, అందుకే ఆగిపోతోంది. పెద్దది వేసి, రెండు సాకెట్లకీ రెండు వేరు వేరు వైర్లు ఇవ్వాలి. టక్కుమనేదాకా నొక్కాలి."

జాయింటును బయటికి లాగాడు. దానికి నల్ల టేపు చుట్టి ఉంది. టేపు విప్పితే లోపల తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, ఒక మూల కరిగిపోయి ఉంది.

"ఎవరమ్మా ఈ టేపు చుట్టింది? కాలకముందు కాదు, కాలినాక చుట్టారు. కింద మసి చూడండి."

నేను మావాడి వైపు చూశాను. వాడు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

పెద్ద పవర్ సప్లయ్ వేయడానికి పెట్టెను అక్కడే వదిలి, తిరిగి వస్తుంటే ఆటోలో అడిగాను. "ఎప్పుడు చూశావురా?"

"పది రోజులైంది."

"మరి చెప్పలేదేం?"

వాడు రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. "నువ్వు తీసేస్తావని."

"ఏం తీసేస్తాను?"

"కంప్యూటరు. పడ్డానని సైకిలు తీసేశావుగా. కందిరీగ కుట్టిందని మేడ ఎక్కనివ్వట్లేదు."

"చెల్లికి తెలుసా?"

"టేపు కత్తిరించిచ్చింది అదే."

వాడు చెప్పినవి రెండే. నేను తీసేసినవి ఇంకా ఉన్నాయి. కాలవలో ఈత, ఉప్మా కలుపుతానని చెల్లెలు పట్టుకున్న గరిటె, వర్షం వస్తే కిటికీ దగ్గర కూర్చోవడం. ప్రతిదానికీ నా దగ్గర ఒక కారణం ఉంది. ఆ కారణాలన్నీ కలిసి ఇద్దరు పిల్లలకు ఒకటే నేర్పాయి, ప్రమాదం కనిపిస్తే అమ్మకు చెప్పకూడదని. వాసన ఎక్కడిదని నేను ఇల్లంతా వెతుకుతుంటే, తెలిసిన ఇద్దరూ నా చుట్టూనే తిరుగుతూ నోరు మూసుకున్నారు.

షిఫ్టు దిగి వచ్చాక మా ఆయన అంతా విని, "జాయింటు వేసింది నేను. తప్పు నాది" అన్నారు. జాయింటు వరకూ నిజమే. నిద్రపోతున్న పిల్లల బుగ్గలు ఇంకా కొద్దిగా ఎర్రగానే ఉన్నాయి. కొబ్బరినూనె రాస్తూ, పొద్దున వీళ్ళతో ఏం అనాలా అని ఆలోచించాను. ఇకనుంచి భయపడనని అంటే అబద్ధం. పిల్లలు అబద్ధాన్ని ఇట్టే పట్టేస్తారు.

పొద్దున్నే బడికి వెళ్ళే ముందు పిల్లకు జడ వేస్తూ, వాణ్ణి కూడా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"కంప్యూటరు తీసెయ్యను. ఎల్లుండి తెచ్చుకుందాం. ఆ రెండు వైర్లూ మీరిద్దరే చెరొకటి పెట్టండి, నేను పక్కన కూర్చుంటాను. కానీ ఏదైనా కాలినా, వేడెక్కినా, ముందు స్విచ్ కట్టేసి నన్ను పిలవండి."

"పిలిస్తే అరుస్తావుగా?" అంది పిల్ల, తల తిప్పకుండానే.

"అరుస్తాను తల్లీ. భయపడితే నాకు అరుపే వస్తుంది. అరవనివ్వండి, రెండు నిమిషాల్లో ఆపేస్తాను. ఆ తర్వాత ముగ్గురం కలిసి చూద్దాం. చెప్పినందుకు మాత్రం మీ దగ్గర ఏదీ తీసుకోను. సైకిలు తాళం దేవుడి గూట్లో ఉంది, వెళ్ళి తెచ్చుకో నాన్నా."